బలపమంత వెలుగు

వెలగడం మానేసిన సోడియం దీపం ఒకటి నా బల్ల మీద ఉంది. కురిచేడు సెంటర్లో ఎలక్ట్రికల్ కొట్టాయన పాత సామాను ఏరేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. "కాలిపోయిన బల్బు ఏం చేసుకుంటారు మాస్టారూ, కొత్త ఎల్‌ఈడీ ఇస్తాగా" అన్నాడు. వెలుగు కోసం కాదని చెప్పి, పాత పేపర్లో చుట్టించుకుని, నిద్రపోయే పసిబిడ్డను తెచ్చినంత భద్రంగా ఇంటికి తెచ్చాను.

ఎల్‌ఈడీల తెల్లవెలుగు రాకముందు మన వీధులకు రాత్రిళ్లు పసుపు పూసినవి ఈ దీపాలే. పైన గాజు బుడ్డి. జారబోతున్న నీటిచుక్కను సాగదీసినట్టు ఉంటుంది. దాని నడుమ సన్నటి తీగల ఆసరాతో ఒక తెల్లటి గొట్టం నిలబడి ఉంది. ఒకటో తరగతి పిల్ల చేతిలో కొత్త బలపం ఎంత ఉంటుందో ఇంచుమించు అంతే. పాలల్లో ముంచి తీసిన తెలుపు. కిటికీ వైపు పెట్టి చూస్తే వెలుగు దానిగుండా వస్తుంది గానీ బయటి వేపచెట్టు కనిపించదు. బుడ్డి గాజు, గొట్టం సిరామిక్. ఇంత చిన్న చోట ఈ రెండూ పక్కపక్కన నిలబడి, ఎవరి గుణం ఏమిటో ఇంత స్పష్టంగా చెప్పే వస్తువును నేను ఇంకొకటి చూడలేదు.

దీపం వెలిగినప్పుడు ఆ గొట్టం లోపల సోడియం, పాదరసం ఆవిరై ప్రకాశిస్తాయి. గొట్టం గోడ 1200 డిగ్రీల దాకా కాగుతుంది. మామూలు కిటికీ గాజయితే 700 డిగ్రీల దగ్గరే మెత్తబడి వాలిపోతుంది. శుద్ధ సిలికాతో చేసిన గాజు అంత వేడినీ తట్టుకుంటుంది గానీ, ఆ వేడిలో సోడియం ఆవిరి దాన్ని కొరుక్కు తింటుంది. ఈ తెల్ల గొట్టం అల్యూమినా. దానికి వేడీ లెక్కలేదు, సోడియమూ లెక్కలేదు. అది కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. అయితే గొట్టం చివరలను మూసే నియోబియం అనే లోహం ఆ వేడిలో గాలి తగిలితే పాడైపోతుంది. అందుకని చుట్టూ గాజు బుడ్డి, లోపల శూన్యం. నిప్పును మోసే పని సిరామిక్‌ది, గాలిని ఆపే పని గాజుది. నియోబియంనే ఎంచుకోవడంలో కూడా ఎంత సొగసుందో చూడండి. వేడికి అల్యూమినా ఎంత సాగుతుందో అదీ దాదాపు అంతే సాగుతుంది. అందుకే రోజూ సాయంత్రం కాగి, రోజూ తెల్లారి చల్లారినా ఆ అతుకు విడదు.

తెలుగులో పదార్థానికీ గాజు అనే పేరు, చేతికి వేసుకునేదానికీ గాజు అనే పేరు. మన భాష దాన్ని అంత దగ్గరకు తీసుకుంది. కాల్చిన మట్టికి కూడా పేర్లు తక్కువేం లేవు. కుండ, మూకుడు, జాడీ, పింగాణీ ఉన్నాయి. అల్యూమినా, జిర్కోనియా, సిలికాన్ కార్బైడ్, సిలికాన్ నైట్రైడ్ అనే కొత్త తరానికి మాత్రం మనం పేరు పెట్టుకోలేదు, సిరామిక్ అనే అంటున్నాం. ఆ మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం కుమ్మరి మట్టి. పేరు పెట్టకపోయినా అవి మన మధ్యకు వచ్చి కూర్చున్నాయి. మోటార్‌సైకిల్ స్పార్క్ ప్లగ్‌కున్న తెల్లటి నడుము అల్యూమినా. పంటి డాక్టరు తొడిగే తెల్ల తొడుగు చాలాసార్లు జిర్కోనియా.

గాజుకూ సిరామిక్‌కూ తేడా ఏమిటంటే నేను వంటింట్లోకి తీసుకెళతాను. వేరుశనగ అచ్చు చేయడానికి పాకం ముదరబెడతాం. పళ్లెంలో పోయగానే ఆరిపోతుంది. పప్పుల సందుల్లో ఆ పాకం తేనెరంగులో మెరుస్తూ, అవతలిది కనిపించేలా ఉంటుంది. విరిస్తే ఠక్కుమని విరిగి, అంచు కత్తిలా ఉంటుంది. అది చక్కెర గాజు. అదే చక్కెర పాకాన్ని గరిటెతో రుద్ది రుద్ది, తెల్లబడగానే చెక్క అచ్చుల్లో పోస్తే పెళ్లి సారెలోకి పంచదార చిలక అవుతుంది. చిలక గుండా ఏమీ కనిపించదు. విరిస్తే లోపల సన్నటి రవ్వ. చక్కెరలో తేడా లేదు, దాని అణువులు సర్దుకున్న తీరులో ఉంది. పాకం చల్లారేటప్పుడు అణువులకు బారులు తీరే వ్యవధి దొరకలేదు, ఎక్కడివక్కడ గడ్డకట్టాయి. చిలకలో మాత్రం చిన్నచిన్న గింజలుగా, ప్రతి గింజలోనూ వరుస తప్పకుండా కూర్చున్నాయి. గాజు మొదటి తీరు, సిరామిక్ రెండో తీరు.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. ఇంజనీరింగ్ సిరామిక్‌ను పాకంలా కరిగించి పోయరు. సున్నుండ చుట్టినట్టు మెత్తటి పొడిని అచ్చులో నొక్కి, కరిగే వేడికి చాలా దిగువనే గంటల తరబడి కాలుస్తారు. పొడి రేణువులు కరగకుండానే ఒకదానికొకటి అతుక్కుని, మధ్య ఖాళీలను మింగుతూ పోతాయి. వస్తువు మొత్తం ప్రతి వైపూ దాదాపు ఆరో వంతు కుంచించుకుపోతుంది. కొలిమిలోకి వెళ్లింది సుద్దముక్కంత బలహీనం, బయటికి వచ్చింది ఆకురాయికి కూడా లొంగనిది. మధ్యలో ఎక్కడా ద్రవం కాలేదు. ఈ నిశ్శబ్దమైన అతుకుడు తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మైక్రోస్కోప్ కింద పాలిష్ పట్టిన అల్యూమినాను చూస్తే గింజ పక్కన గింజ, మధ్య సన్నటి సరిహద్దులు కనిపిస్తాయి. మా కురిచేడు పొలాలను పైనుంచి చూసినట్టే ఉంటుంది. ఏ మడి ఆకారం దానిది, మడికీ మడికీ మధ్య గట్టు. గాజును అలా చూస్తే గట్టే లేదు. నిండిన కంభం చెరువులా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకటే. గాజు అందమంతా ఆ గట్టు లేకపోవడంలో ఉంది. వెలుగుకు ఎక్కడా తడబడే పని లేదు, వచ్చిన దారినే నేరుగా వెళ్లిపోతుంది. సిరామిక్‌లో గింజ గింజకూ దారి మారుతుంది. గట్ల కంటే పెద్ద అడ్డు గింజల మధ్య చిక్కుకున్న గాలి బుడగలు. వాటిని తాకి వెలుగు చెదిరిపోతుంది. అందుకే పింగాణీ తెల్లన, అల్యూమినా తెల్లన, పంచదార చిలక కూడా తెల్లన.

మరి ఈ గొట్టం వెలుగును ఎలా పోనిచ్చింది? అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రాబర్ట్ కోబుల్ 1950ల చివర్లో దాని గుట్టు పట్టుకున్నాడు. కాల్చేటప్పుడు గింజలు పెరుగుతాయి, గట్లు జరుగుతాయి. అవి మరీ తొందరగా జరిగితే బుడగలు గింజల కడుపులో చిక్కుబడి ఇక ఎన్నటికీ బయటికి రావు. కోబుల్ పొడిలో చిటికెడు మెగ్నీషియా కలిపాడు. గట్ల నడక నెమ్మదించింది. బుడగల్లోని ఖాళీ గట్ల వెంబడే, కాలువ వెంట నీరు జారినట్టు, బయటికి జారిపోయింది. 1962లో పేటెంటు వచ్చింది. బలపమంత గొట్టంలో రాత్రంతా పసుపు వెలుగు నిలబడడానికి ఆ చిటికెడే కారణం. బుడగలు పోయినా గట్లు మిగిలాయి కనుక అది గాజంత నిర్మలం కాలేదు, పాలలా ఆగింది. స్పినెల్ లాంటి కొన్ని సిరామిక్‌లలో స్ఫటికం ఏ వైపు తిరిగి ఉన్నా వెలుగు ఒకేలా వంగుతుంది. అందువల్ల గట్లున్నా అడ్డు ఉండదు, నిజంగానే అవతలిది కనిపిస్తుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో అలాంటి పారదర్శక సిరామిక్‌ల మీద పని చేస్తున్నారు.

ఇక గట్టిదనం. ఇది మా ప్రాంతంలో ఒకప్పుడు బడికెళ్లిన ప్రతి పిల్లకూ చేతివేళ్లలో ఉన్న విద్య. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలు మా కురిచేడు దాటాక దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల ఎక్కి దిగి, నంద్యాల దాటి బేతంచెర్ల చేరుతుంది. ఈ ఒక్క దారి మీద పలకా ఉంది, బలపమూ ఉంది. మార్కాపురం పలకరాయి ఒకప్పటి బురద. వందకోటి ఏళ్లకు పూర్వం నీటి అడుగున చేరిన బంకమట్టిని ఆ పై భారమూ భూమి వేడీ కలిసి నొక్కి రాయి చేశాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరలను కంభం పేరుతోనే పిలుస్తారు. ఆవం లేకుండా భూమి చేసిన సిరామిక్ అంటే నాకు తప్పనిపించదు. ఆ నొక్కుడులో మట్టిలోని రేకులన్నీ ఒకే వైపుకు తిరిగి పడుకున్నాయి. అందుకే ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే పుస్తకం తెరిచినట్టు పొరలుగా విడుతుంది. ఇటు బేతంచెర్ల దగ్గర ముద్దవరంలో బలపపు రాయి తవ్వుతారు. గోటితో గీసినా గీత పడే మెత్తటి రాయి. దాని పొడిని 1300 డిగ్రీలకు పైగా కాలిస్తే ఉక్కు కత్తికి కూడా గీత పడనంత గట్టి సిరామిక్ అవుతుంది. పాత హీటర్లలో తీగను పట్టుకునే తెల్ల బిళ్లల్లో కొన్ని అవే.

గట్టిదనానికి ఒకటి నుంచి పది దాకా కొలమానం ఉంది. ఎగువది దిగువదాన్ని గీస్తుంది, అంతే సూత్రం. బలపపు రాయి ఒకటి, గాజు ఐదున్నర, అల్యూమినా తొమ్మిది, వజ్రం పది. మోటార్‌సైకిల్ మెకానిక్ పారేసిన స్పార్క్ ప్లగ్‌లోంచి విరిగిన తెల్లముక్క తెచ్చి, పాత ఫొటో పటం గాజు మీద మెల్లగా లాగాను. చేతికి బలం అక్కర్లేదు, పెన్సిలు పట్టినంత పట్టు చాలు. కిర్రుమనకుండా, పట్టు చీరను వేలి గోరు తాకినంత సన్నటి చప్పుడుతో, వెంట్రుక లాంటి తెల్లగీత వచ్చింది. సిరామిక్ మొన అరగలేదు. పలక మీద బలపం రాసినప్పుడు అరిగేది బలపం, తన ఒంటిని పొడి చేసి అక్షరం ఇస్తుంది. ఇక్కడ రాసేది అరగదు, రాయించుకున్నది గాయపడుతుంది. చేతి కదలిక ఒకటే, రాత తీరు మాత్రం పూర్తిగా తిరగబడింది.

ఆ గీత గాజుకు ఎంత పెద్ద సంగతో అద్దాలు కోసేవాళ్లకు తెలుసు. గీత గీసి, కిందినుంచి చిన్న తట్టు తడితే గాజు ఆ గీత వెంబడే రెండవుతుంది. ఇంగ్లండులో ఫార్న్‌బరోలోని విమాన పరిశోధనశాలలో గ్రిఫిత్ అనే యువ ఇంజనీరు ఈ సంగతి మీద 1921లో అచ్చువేసిన వ్యాసం నేటికీ ఈ శాస్త్రానికి పునాది. గాజులో అణువుల బంధాలను లెక్కగడితే అది ఉక్కును మించిన బలశాలి కావాలి. వాస్తవంలో ఆ లెక్కలో నూరో వంతు కూడా నిలవదు. ఎందుకు? కంటికి కనిపించని గీతలు. ప్రతి గీత మొన దగ్గర లాగుడంతా పోగుపడుతుంది. గ్రిఫిత్ గాజును దారాలుగా సాగదీశాడు. సన్నబడేకొద్దీ దారం బలపడింది, ఎందుకంటే అంత సన్నటి దారంలో పెద్ద గీతకు చోటే లేదు. గాజు నిజంగా బలహీనురాలు కాదు, దాని గాయాలే దాన్ని బలహీనపరుస్తున్నాయి. ఇది మొదటిసారి చదివిన రోజు ఇంట్లో గాజు గ్లాసును పట్టుకున్న తీరే మారింది నాకు.

ఒకసారి పగులు మొదలైతే గాజులో దానికి ఎదురు లేదు, సెకనుకు 1500 మీటర్ల వేగంతో పరుగెత్తగలదు. గట్లు లేని చెరువు కదా. వెలుగుకు దారిచ్చిన ఆ గట్టులేనితనమే పగులుకూ దారిచ్చింది. సిరామిక్‌లో పగులు ప్రతి గట్టు దగ్గరా వంగాలి, మెలితిరగాలి, ఓపిక ఖర్చుపెట్టాలి. పగులును నిలువరించే శక్తికి ఇంజనీర్లు వేసే అంకె గాజుకు 0.7 అయితే అల్యూమినాకు మూడు, నాలుగు. గాజును నిర్మలం చేసిన గుణమే దాన్ని నిస్సహాయం చేసింది, సిరామిక్‌కు చూపు ఇవ్వని గట్లే దానికి ఓర్పునిచ్చాయి.

జిర్కోనియా కథ ఇంకా అద్భుతం. పగులు మొన దగ్గరకు రాగానే అక్కడి గింజలు తమ స్ఫటిక రూపాన్నే మార్చుకుని నూటికి నాలుగు పాళ్ల దాకా ఉబ్బుతాయి, ఉబ్బి పగులు నోరు నొక్కేస్తాయి. 1975లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గార్వీ, హానింక్, పాస్కో దీన్ని 'నేచర్' పత్రికలో ప్రకటించినప్పుడు శీర్షికలోనే సిరామిక్ ఉక్కా అని ప్రశ్న పెట్టారు. నిజానికి ఉక్కుకు ఇంకా చాలా దూరమే. అయినా నొప్పి ఎక్కడ పుట్టిందో అక్కడే మందు పుట్టే రాయి అది.

మా ఊరి స్టేషన్లో కరెంటు లైను కింద నిలబడి తల ఎత్తితే ముదురు గోధుమ రంగు పింగాణీ ఇన్సులేటర్లు కనిపిస్తాయి. 25 వేల వోల్టుల తీగను పట్టుకుని స్తంభానికి కరెంటు సోకనివ్వకుండా నిలబడ్డాయి. పింగాణీ అంటే గాజూ స్ఫటికమూ కలిసి కాపురం చేసే ఇల్లు. బంకమట్టి, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి కలిపి కాలిస్తే ఫెల్డ్‌స్పార్ కరిగి గాజై సందులు నింపుతుంది, మట్టిలోంచి ముల్లైట్ అనే సూదులు మొలుస్తాయి. పైన మెరిసే గోధుమ రంగు పూత కూడా గాజే. ఆ పూత చల్లారేటప్పుడు లోపలి ఒళ్లు తనకంటే ఎక్కువ కుంచించుకునేలా కుదురుస్తారు. దాంతో పూత ఎప్పుడూ నొక్కుడులో ఉంటుంది, దాని మీద గీత తెరుచుకోదు.

హైటెన్షన్ టవర్ల మీద గొలుసులా వేలాడే డిస్కుల్లో కొన్ని పింగాణీవి, కొన్ని గాజువి. రిటైరైన లైన్‌మన్ ఒకాయన తన ఇంటి అరుగు మీద ఒక గాజు డిస్కు పెట్టుకున్నాడు. లేత ఆకుపచ్చ, చెరువు నీటి రంగు. "పింగాణీది లోపల పగిలినా పైకి బాగానే కనపడిద్ది సార్, మీటరు పెట్టి చూసుకోవాల. ఇదట్టా కాదు. పోయిందంటే పావడా మొత్తం రాలిపోయిద్ది. కిందనుంచే కనపడిద్ది" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ గాజును వేడి మీద ఉండగానే గాలితో పైపైన చల్లారుస్తారు. పై పొర ముందుగా బిగుసుకుంటుంది, లోపల తర్వాత కుంచించుకుంటూ పై పొరను నొక్కిపట్టుకుంటుంది. ఆ బిగువు ఉన్నంతకాలం డిస్కు నిక్షేపంగా ఉంటుంది, బిగువు తెగితే మొత్తం ముక్కలవుతుంది. సగం పగలడం దానికి చేతకాదు. రాలిన తర్వాత కూడా ఇనుప టోపీ లోపల చిక్కిన మొండెం తీగ బరువును వదలదు.

ఆ టోపీ ఆకారాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. గాజుకైనా సిరామిక్‌కైనా నొక్కితే ఏనుగు బలం, లాగితే లేగదూడ బలం. తీగ చేసేదేమో లాగడం. అందుకని పైన టోపీని, కింద కాడను ఏటవాలుగా మలిచి, తీగ కిందికి లాగేకొద్దీ మధ్యలో ఉన్నది నొక్కుకుపోయేలా అమర్చారు. కమాను రాళ్లు పై బరువుకు మరింత బిగుసుకున్నట్టు. పదార్థం గుణం తెలిసిన చెయ్యి గీసిన గీత అది. అందులో శిల్పం చూడలేకపోతే ఇంకెక్కడ చూస్తాం?

మే నెల మధ్యాహ్నం ఆ ఇన్సులేటర్లను చెయ్యి పెట్టలేనంతగా ఎండ కాలుస్తుంది. సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన వచ్చి చల్లటి చినుకులు పడతాయి. ఇదీ ఒక కఠినమైన పరీక్షే. నూరేళ్ల కిందట అమెరికా రైల్వేల సిగ్నల్ లాంతర్ల గాజులు ఇలాంటి వానకే పగిలేవి. వేడికి తక్కువ సాగే బోరోసిలికేట్ గాజును కార్నింగ్ కంపెనీ వాటికోసమే తయారుచేసింది, 1915లో అదే రకం గాజు పైరెక్స్ పేరుతో వంటింట్లోకి వచ్చింది. రైలు దీపం నుంచి పొయ్యి పక్కకు! సిరామిక్‌లలో ఈ పరీక్షకు బాగా నిలిచేవాటిలో ఒకటి సిలికాన్ నైట్రైడ్. వేడికి అది సాగేది మామూలు గాజు సాగేదాంట్లో మూడో వంతే.

ముట్టుకుంటే కూడా తేడా తెలుస్తుంది. నీడలో ఉన్న అల్యూమినా ముక్క వేలికి లోహంలా చల్లగా తగులుతుంది, వేడిని గాజు కంటే ఇరవై ముప్పై రెట్లు చురుగ్గా లాక్కుంటుంది గనుక. సంతలో కుండ కొనేటప్పుడు అమ్మ వేలి కణుపుతో తట్టి వినేది. పగులు లేని కుండ ఖంగుమనేది. అల్యూమినా కడ్డీని తడితే ఆ ఖంగు ఇంకా సన్నగా, పైస్థాయిలో పలుకుతుంది. శబ్దం దానిలో సెకనుకు దాదాపు 10 కిలోమీటర్లు పోతుంది, గాజులో ఐదుంబావు. ఒకే పొడవూ మందమూ ఉన్న రెండు కడ్డీలను తట్టి చూస్తే గాజు కంటే సిరామిక్ దాదాపు ఒక స్థాయి పైన మోగుతుంది.

నిన్న మనవరాలు బడినుంచి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. ఈ కాలపు పిల్ల, పలక ఎరగదు. మార్కాపురం పలక చేతికిచ్చి బలపంతో 'అ' రాయమన్నాను. రాసింది, ఉఫ్ అని ఊది అరచేత్తో తుడిచింది, అక్షరం పోయింది. ఇంకోసారి రాసి ఇంకోసారి తుడిచింది, ఆ తుడవడమే దానికి ఆటయింది. తర్వాత పటం గాజును బట్ట మీద పరిచి, తెల్లముక్క నేను పట్టుకుని, నా చేతి మీద దాని చెయ్యి వేయించి, అదే అక్షరం గీయించాను. ఊదింది. తుడిచింది. "తాతయ్యా, ఇది పోవట్లేదే" అంది.

గాజును కిటికీలో ఆనించి పెట్టాను. ఈ ఉదయం ఎండ వచ్చి, గాజంతా దాటి నేల మీద పడింది. ఆ గీత దగ్గర మాత్రం వెలుగు చెదిరింది. గచ్చు మీద, నా చెప్పుల పక్కన, సన్నటి నీడలో 'అ' పడుకుని ఉంది.